కుంగుడు కొలత

ఆ వీధిలో ఆ మెకానిక్కును కన్నవారు పెట్టిన పేరుతో పిలిచేవారెవరూ మిగలలేదు. అందరికీ ఆయన మిల్లీమీటరు. గొలుసు బిగువు చూడమంటే వేలితో నొక్కి సరేననే రకం కాదు. కళ్ళజోడును నుదుటి మీద నుంచి ముక్కు మీదికి దించి, స్కేలు పెట్టి, ఇరవై ఎనిమిదనో ముప్ఫై అనో పైకి చదివి, ఆ తరువాతే స్పానరు అందుకునేవాడు.

"నన్ను పెళ్ళికి అడగడానికి మా ఇంటికి వచ్చిన రోజు కూడా జేబులో టేపు ఉంది," అని ఆయన భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "మా నాన్న చూసి దర్జీ అనుకుని, తన ప్యాంటు పొడవు తగ్గించమని లోపలినుంచి తెచ్చి ఇచ్చాడు. ఈయన తగ్గించి ఇచ్చాడు కూడా."

ఆ షెడ్డులో బండ్లు బాగుచేసే భాగం ఆయనది. షట్టరు పక్కన వెలుతురు పడే మూల భార్యది. ఆమె కుట్టుమిషను మీద బండి సీట్లు కుడుతుంది. చిరిగిన తొడుగు విప్పి, లోపలి స్పాంజీని కూర్చునేవాడి కాళ్ళ పొడవునుబట్టి కోసో అతికించో, కొత్త తొడుగు లాగి బిగిస్తుంది. ఇద్దరి మధ్య మాటలు తక్కువ, పని ఎక్కువ. అలిగినప్పుడు మాత్రం మిషను చప్పుడు పెరిగేది.

మిల్లీమీటరుగారి అసలు పనితనం స్పోర్ట్స్ బండ్ల సస్పెన్షనులో ఉంది. మనిషి ఎక్కి కూర్చుంటే బండి వెనుక భాగం కొంత కిందికి దిగుతుంది. ఎంత దిగాలన్నది ఆ మనిషి బరువునుబట్టి ఉంటుంది. చక్రాన్ని గాలిలో వేలాడదీసి ఇరుసునుంచి సీటు తోక మీది గుర్తువరకు ఒకసారి, మనిషిని కూర్చోబెట్టి మరొకసారి కొలిచి, మొదటిదానిలోనుంచి రెండోదాన్ని తీసివేస్తే వచ్చేదాన్ని ఆయన కుంగుడు అనేవాడు. మనుషుల విషయంలో కుంగడమంటే దిగులుతో లోలోపల దిగబడిపోవడం. బండికి మాత్రం అది ఆరోగ్య లక్షణం. తగినంత కుంగని బండి గతుకును మింగలేక ఎగిరిపడుతుంది; మితిమీరి కుంగినది మలుపులో బద్ధకిస్తుంది. స్ప్రింగు పైనున్న కాలరును బిగించో వదులు చేసో ఆ కొలతను సరిచేయాలి. ప్రతి బండికీ ఆయన నోటుపుస్తకంలో ఒక పేజీ ఉండేది: వచ్చినప్పుడు ఎంత, పంపినప్పుడు ఎంత.

అన్నిటికన్నా నలిగిన పేజీ ఆయన చెల్లెలి బండిది.

ఆమె ఆయనకన్నా పదకొండేళ్ళు చిన్నది. ఊరి చివర, బండ్లు నడపడం నేర్పే మైదానంలో శిక్షకురాలు. పెళ్ళి చేసుకోలేదు, ఆ మైదానం ఆఫీసు మీది గదిలోనే ఉండేది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఆమెను టీచరమ్మ అనేవారు, ఆమె లేనప్పుడు మాత్రం వేపకాయ అనేవారు. ఆమె బండి ఆరువందల యాభై సీసీ, రెండు సిలిండర్లది. హ్యాండిలు కిందికి, తోక పైకి. కూర్చుంటే ఛాతీ ట్యాంకు మీదికి వంగుతుంది. క్లచ్చు పట్టకుండానే గేరు పడే క్విక్‌షిఫ్టరు, చక్రం జారబోతే ఇంజను బలాన్ని తగ్గించే ట్రాక్షన్ కంట్రోలు, వానకొకటి, రోడ్డుకొకటి, ట్రాకుకొకటిగా మూడు మోడ్లు అందులో ఉండేవి. అయితే కొత్తవాళ్ళకు ఆమె వాటి సంగతి చివర చెప్పేది. మొదట చెప్పేది వేరు.

"చిన్న బండి నీ తప్పు నీకు చెప్పదు. వెయ్యి సీసీ బండి చెప్పేలోపే పడేస్తుంది. ఇది మధ్యరకం. తప్పు చేస్తే చెబుతుంది, చెప్పి ఇంకో అవకాశం ఇస్తుంది. మా వదినలాగా."

నెలకొకసారి, ఆదివారం ఉదయం, ఆమె షెడ్డుకు వచ్చేది. మందపాటి తోలు సూటులో, హెల్మెట్టు చంకలో పెట్టుకుని, ఎప్పుడూ ఒకే ప్రశ్నతో: "అన్నయ్యా, బతికే ఉన్నావా?" వదిన బండి ముందుకు వచ్చి హ్యాండిలు పట్టుకునేది, చెల్లెలు ఎక్కి రెండు కాళ్ళూ పైకి తీసుకునేది, అన్న వెనుక మోకాళ్ళ మీద కూర్చుని టేపు చదివేవాడు. సూటుతో సహా ఆమె కూర్చుంటే కుంగుడు ముప్ఫై రెండు. ఆరేళ్ళుగా ముప్ఫై రెండు. "మీ చెల్లెలు కాలెండరు కన్నా నమ్మకమండీ," అనేది భార్య.

ఆ ఏడు ఎండలు మొదలైన నెలలో చెల్లెలు వచ్చి, బతికే ఉన్నావా అనకుండా, "బండి గట్టిపడింది," అంది.

ఆ వాక్యంలో కర్త బండి. ఆ కర్తను మార్చి చూడాలని ఆ ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

"ఎక్కడ గట్టిగా ఉంది?"

"రెండో మలుపు బయటికి వచ్చేటప్పుడు వెనుక ఎగురుతోంది. మునుపు యాక్సిలరేటరు తిప్పి గ్యాస్ ఇస్తే కూర్చుని తోసేది కదా, ఇప్పుడు కూర్చోవడం లేదు."

కొలిచాడు. ముప్ఫై. రెండు మిల్లీమీటర్ల తేడా. వెనుక స్ప్రింగును చక్రానికి కలిపే లింకేజీలో బేరింగులు బిగుసుకుని ఉంటాయనుకుని మొత్తం విప్పాడు. అవి శుభ్రంగా ఉన్నాయి. అయినా కొత్త గ్రీజు పెట్టి, కాలరు కొంచెం వదులుచేసి, ముప్ఫై రెండుకు తెచ్చి పంపాడు. పుస్తకంలో రాశాడు: వచ్చినప్పుడు ముప్ఫై, పంపినప్పుడు ముప్ఫై రెండు.

మరుసటి నెల మళ్ళీ అదే ఫిర్యాదు, అదే తేడా. ఈసారి కాలరు తిప్పి మళ్ళీ ముప్ఫై రెండుకు తేవడమే కాక, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులలో పలచటి ఆయిలు పోశాడు. చెల్లెలు సీటు గురించి వదినకు వేరే మొర పెట్టుకుంది.

"కూర్చుంటే ఎముకలకు గుచ్చుకుంటోంది వదినా."

"ఆరేళ్ళు తొక్కావు, స్పాంజీ చచ్చింది. విప్పు, ఒక పొర వేస్తాను." పొర వేస్తూ భార్య నవ్వింది. "అయినా కాస్త సన్నబడ్డట్టున్నావు అమ్మాయ్. బాగుంది. నాకూ చెప్పు ఏం తింటున్నావో."

"ఏమీ తినడంలేదు, అదే రహస్యం," అంది చెల్లెలు. ముగ్గురూ నవ్వారు.

మూడో నెల ఆమె చాలాసేపు బండి దిగలేదు. కొలత తీయడం అయిపోయినా ట్యాంకు మీద మోచేతులు ఆనించి కూర్చుని ఉండిపోయింది. అప్పుడు అన్న ఒక్కడే ఉన్నాడు. కొలత అవగానే భార్య దారం తేవడానికి వెళ్ళింది.

"అన్నయ్యా, బండి కాదేమో."

"మరి?"

"నేనేనేమో. బ్రేకు వేస్తే మణికట్లు ఆగడం లేదు. ముందు రోజుకు ఆరు క్లాసులు చెప్పేదాన్ని, ఇప్పుడు రెండు చెప్పేసరికి పడుకుంటున్నాను. ఒకసారి ఎవరికైనా చూపించుకుందామా అని."

ఆయన లేచి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తన చేతికింద మూడుసార్లు సర్దిన బండి ఇంకా కుదురుకోలేదన్న ఉక్రోషం ఆయనకు లోపల ఉంది. చిన్నప్పటినుంచి తన చెల్లెలిలో వంక అనేది ఉండదన్న ప్రేమ అంతకన్నా లోపల ఉంది. రెండూ కలిసి ఒకే మాటగా బయటికి వచ్చాయి.

"నీలో లోపమేమీ లేదమ్మా. లోపం బండిదే. గట్టి బండి తొక్కితే మణికట్లు నొప్పి పుట్టకుండా ఎలా ఉంటాయి? ఒళ్ళు అలిసిపోకుండా ఎలా ఉంటుంది? దీని సంగతి నేను చూసుకుంటాను, నువ్వు బెంగపెట్టుకోకు."

ఆమె ముఖం తేటపడింది. ఆ తేటపడటాన్ని ఆయన తరువాత చాలాసార్లు గుర్తుచేసుకోవలసివచ్చింది. "నువ్వంటే సరే," అని హెల్మెట్టు పెట్టుకుని వెళ్ళిపోయింది. పుస్తకంలో మళ్ళీ రాశాడు: వచ్చినప్పుడు ముప్ఫై, పంపినప్పుడు ముప్ఫై రెండు.

షెడ్డుకు వచ్చే ప్రతి రైడరుకూ ఆయన పాఠంలా చెప్పే మాట ఒకటుంది: స్ప్రింగు వయసు పైబడేకొద్దీ మెత్తబడుతుందే కాని, తనంతట తాను గట్టిపడదు. ఇనుముకు గట్టిపడటం తెలియదు. ఆ మాట చెప్పినవాడే ఆ నెల ఆ మాటను ఎదురుగా పెట్టుకుని చదవలేదు.

నాలుగో నెల ఆమె షట్టరు ముందుకు వచ్చి ఆగి, కాలు కింద పెట్టి, పక్కకు పడిపోయింది. వేగంలో పడలేదు, మలుపులో పడలేదు. నిలబడి ఉన్న బండిని ఆపలేక, మెల్లగా, గోడ ఒరిగినట్టు ఒరిగింది.

అన్న పరుగెత్తి బండిని పట్టుకున్నాడు.

"ముందు బండి, ముందు బండి," అని చెల్లెలు కూడా నేలమీదినుంచే అంది. ఆయన హ్యాండిలు పట్టి, వీపు ఆనించి, నూట తొంభై కిలోలనూ లేపి స్టాండు వేస్తున్నాడు. ఈలోగా భార్య ఆమె దగ్గర కూర్చుని, ఊపిరాడటానికి సూటు జిప్పు కిందికి లాగింది. లాగి, ఒక క్షణం చేయి అక్కడే ఉంచేసింది.

"ఏమండీ, బండిని తరువాత చూద్దురుగాని. ఇటు రండి."

సూటు లోపల మనిషి సగమే ఉంది. మెడకింద ఎముకలు రెండూ హ్యాండిలులా పైకి తేలి ఉన్నాయి.

ఆసుపత్రిలో పరీక్షలు అయ్యాక డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టింది. కడుపులో గడ్డ. అది కాలేయానికి కూడా పాకింది. ఆమె మాటలను మెత్తగా చుట్టలేదు, విసరనూ లేదు.

"బరువు ఎప్పటినుంచి తగ్గుతున్నారు?"

"ఈ మధ్యనే అనుకుంటానండీ," అంది చెల్లెలు. "ఒక నెల నుంచేమో. నేను తూచుకోను."

అప్పుడు అన్న చొక్కాలోనుంచి నోటుపుస్తకం తీశాడు. ఎందుకు వెంట తెచ్చాడో ఆయనకే తెలియదు. చెల్లెలి పేజీ దగ్గర వేలు పెట్టి ఉంచాడు. దాన్ని బల్లమీద పెట్టి, బడిలో తప్పు ఒప్పుకునే పిల్లవాడిలా గొంతు తగ్గించి చెప్పాడు.

"రెండు కిలోలకు ఒక మిల్లీమీటరండీ. కొంచెం అటూ ఇటూ."

డాక్టరమ్మకు ముందు అర్థం కాలేదు. ఆయన వివరించాడు. ఆమె పెన్ను తీసుకుని, ప్రతి నెల తగ్గిన రెండేసి మిల్లీమీటర్లను కూడింది. మొదటిసారి రెండు, రెండోసారి రెండు, మూడోసారి రెండు. ఆరు మిల్లీమీటర్లు. పన్నెండు కిలోలు. తేదీలు చూసింది.

"ఇంత వివరంగా బరువు రాసుకున్న పేషెంటును నేను చూడలేదు," అంది నెమ్మదిగా. "మొదటి తేదీకి వచ్చి ఉంటే..." వాక్యాన్ని అక్కడే ఆపేసింది. కొన్ని వాక్యాలకు క్రియ లేకపోయినా అర్థం పూర్తవుతుంది.

చెల్లెలు వంగి ఆ పేజీ చూసింది. మూడో వరుస దగ్గర చూపు కొంచెం ఎక్కువసేపు నిలిచింది.

ఆమెను అన్న ఇంటికే తీసుకువచ్చారు. వీధి వైపు గదిలో, కిటికీకి దగ్గరగా మంచం వేశారు. మొదట మందులు ఎక్కించారు. రెండు విడతల తరువాత, ఇక వద్దని ఆమే చెప్పింది. అన్న రోజూ షెడ్డు మూసి వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. చెప్పవలసిన మాట ఒకటే ఉంది: ఆ రోజు నేను అలా అనకపోతే నువ్వు వెళ్ళి చూపించుకునేదానివి. ఆ మాటను నోటిదాకా తెచ్చుకునేవాడు. తెచ్చుకుని, "టీ తాగుతావా?" అనేవాడు. ఆమె వద్దనేది. ఆయన వెళ్ళి తనకొక్కడికే పెట్టుకునేవాడు, తాగేవాడు కాదు. భార్య ఆ చల్లారిన కప్పులు తీసుకెళ్ళి కడిగేది. ఒకరోజు కడుగుతూ అంది:

"ఆ టీ పొడి బదులు ఆ మాటే ఖర్చుపెట్టవచ్చు కదండీ."

"ఏ మాట?"

"నాకేం తెలుసు. మీ నోట్లో ఉన్నది మీకే తెలియాలి. నా నోట్లోదైతే నేను అనేశాను. సన్నబడ్డావు, బాగుంది అన్నదాన్ని నేనే కదా. కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఊరుకో వదినా, నీ స్పాంజీ బాగుంది అంది."

ఇంటికి వచ్చిన ఏడో వారంలో చెల్లెలు, ఆదివారం మైదానానికి సెలవు కాబట్టి, తనను ఒకసారి అక్కడికి బండి మీద తీసుకువెళ్ళమంది. తను నడపలేదు. అన్న నడపాలి, తను వెనుక కూర్చుంటుంది.

"మతి పోయిందా ఇద్దరికీ?" అంది భార్య. అని, మిషను దగ్గరికి వెళ్ళి, సీటు తొడుగుల గుడ్డతో జానెడు వెడల్పు పట్టీ ఒకటి కుట్టింది. అన్న నడుముకు బిగించుకునేలా, రెండు పక్కలా చేతులు దూర్చుకునే గుండ్రటి పట్టులతో. కుట్టు మూడు వరుసలు వేసింది.

అన్న ఆ పూట స్ప్రింగును ఇద్దరికి సరిపడేలా సర్దాడు. ఆసుపత్రి కాగితంలో చెల్లెలి బరువు నలభై ఒకటి అని ఉంది. ఆ అంకెకు తగ్గట్టు కాలరు తిప్పడానికి పావుగంట పట్టింది.

ఆ ఆదివారం తరువాత ఆమె ఇరవై రోజులు బతికింది. మళ్ళీ బండి ఎక్కలేదు.

మైదానంలో ఆ ఉదయం ఎవరూ లేరు. ఏడు మలుపుల ట్రాకు, పక్కన టైర్ల వరుస, ఆఫీసు గోడకు ఆనించిన రబ్బరు శంకువులు. వదిన ప్రారంభపు గీత దగ్గర నిలబడింది. అన్న బండిని వాన మోడులో పెట్టాడు.

"వాన ఎక్కడ కురుస్తోంది?" అంది వెనుకనుంచి చెల్లెలు.

"నాకు భయంగా ఉంది."

"రోడ్డుమోడు పెట్టు. వానమోడులో గ్యాస్ ఇస్తే ఆలోచించి ఇస్తుంది. నాకంత టైము లేదు."

ఆయన బండ్లను విప్పి కూర్చగలడే కాని, ఏనాడూ వాటిని గట్టిగా నడిపినవాడు కాదు. వేగం పెరిగితే భుజాలు బిగుసుకుంటాయి. ఆమె వెనుకనుంచి, ఓపిక ఉన్నంతమేరకు, మాటలు చిన్నవి చేసి నేర్పింది. మలుపులోకి వెళ్ళకముందే బ్రేకు. చూపు చక్రం ముందు కాదు, మలుపు చివర. హ్యాండిలును తిప్పకు, వంగాలనుకున్న వైపు చేతితో కొంచెం ముందుకు తొయ్యి, అదే వంగుతుంది. మోచేతులు వదులు. ఆయన వాటిని ఒక్కొక్కటిగా చేశాడు. రెండో మలుపులో బండి తనంతట తాను వాలి, తనంతట తాను లేచినప్పుడు, ఆరేళ్ళు తాను సర్దిన యంత్రం ఎలా ఉంటుందో ఆయనకు మొదటిసారి ఒంటికి తెలిసింది.

అయితే వెనుక మనిషి ఉన్నట్టు తెలియలేదు. వెనుక కూర్చున్నవారు బ్రేకు వేస్తే మీదికి వచ్చి పడతారు, గ్యాస్ ఇస్తే వెనక్కి లాగుతారు. చెల్లెలు రెండూ చేయలేదు. ముందే పసిగట్టి మోకాళ్ళతో ఆపుకునేది. అది ఆమె పనితనమో, ఒంట్లో ఏమీ మిగలకపోవడమో ఆయనకు అర్థం కాలేదు.

"ఉన్నావా?"

"ఉన్నాను. ముందు చూడు."

ఐదో మలుపు మధ్యలో ఆయన బెదిరి గ్యాస్ మూసేశాడు. బండి ముందు భాగం మునిగి, వంపు తప్పి, టైర్ల వరుస వైపు జరిగింది. ఎలాగో నిలబెట్టి పక్కకు ఆపాడు. ఇంజను ఆపేశాడు. దిగలేదు; దిగితే ఆమె ముఖం చూడాలి. ముందుకే చూస్తూ, చెప్పేశాడు.

"ఆ రోజు నువ్వు చూపించుకుంటానన్నావు. నేనే ఆపేశాను. నీలో లోపం లేదన్నాను."

"తెలుసు. పుస్తకం నేనూ చూశాను కదా. ఆ తేదీ నాకూ గుర్తే."

దూరంగా వదిన చేయి అడ్డం పెట్టుకుని ఇటు చూస్తోంది.

"కోపం వచ్చింది," అంది చెల్లెలు. "బాగా వచ్చింది. నువ్వు రోజూ వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంటుంటే కళ్ళు మూసుకుని నిద్ర నటించేదాన్ని. టీ తాగుతావా అని అడుగుతుంటే ఆ కప్పు తీసి నీమీదే పొయ్యాలనిపించేది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఓపిక లేదు అన్నయ్యా. కోపానికి కూడా బలం కావాలి." ఊపిరి తీసుకుంది. "నువ్వు అన్న మాట నాకు ఆ రోజు ఎంత నచ్చిందో తెలుసా? నాకు అదే వినాలని ఉంది. అందుకే నీ దగ్గరికి వచ్చాను, డాక్టరు దగ్గరికి పోకుండా. అది కూడా రాసుకో నీ పుస్తకంలో, పక్కన."

ఆయన హెల్మెట్టు లోపల ఏడ్చాడు. గాజు మీద ఆవిరి కమ్ముకుంది.

"గాజు పైకి ఎత్తు, దారి కనబడదు," అంది ఆమె. "ఆ మలుపు మళ్ళీ తీసుకో. మధ్యలో గ్యాస్ మూయకూడదు. కొంచెం, ఒక్క పిసరు, ఇస్తూనే ఉండాలి. అప్పుడే వెనుక చక్రం కుదురుగా కూర్చుంటుంది."

ఆయన మళ్ళీ మొదటినుంచి చుట్టి వచ్చాడు. ఐదో మలుపు దగ్గర ముందే బ్రేకు వేసి, చూపును చివరికి పంపి, చేతిని ముందుకు తోశాడు. బండి వాలింది. భయం వచ్చింది, భుజాలదాకా వచ్చి ఆగింది. గ్యాస్ మూయలేదు. ఒక్క పిసరు ఇస్తూనే ఉన్నాడు. వెనుక చక్రం నేలను పట్టుకుని కూర్చుంది, బండి గీత గీసినట్టుగా మలుపు బయటికి వచ్చింది.

టీచరమ్మ మాట కోసం ఎదురుచూశాడు. ఆమె హెల్మెట్టు వచ్చి ఆయన వీపుకు ఆనుకుంది. వెనుక కూర్చున్నవారు ముందువారి మీద ఒరగరాదన్నది ఆమె ఎన్ని వందల మందికో నేర్పిన పాఠం.

"ఉన్నావా?"

"ఊఁ."

ఇక ఆయన బ్రేకు ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆ తల జారుతుంది. ఒకే గేరులో, బ్రేకు అక్కరలేనంత నెమ్మదితో, మిగిలి ఉన్న రెండు మలుపులనూ వెడల్పుగా, మెత్తగా తిప్పుకుంటూ, వదిన నిలబడి ఉన్న చోటికి బండిని దానంతట అదే ఆగేలా తీసుకువచ్చాడు.